తాత బైబిల్లో పెదనాన్న వయసు

తెలంగాణ రాకముందు ముచ్చట. గోదావరిఖనిలో మా నాన్న బొగ్గుబాయి నుంచి రిటైరైన రోజు మా క్వార్టర్ల ప్రార్థన పెట్టినం. మా వంశం సంగతి అందరికి తెల్వాలని, తాత బైబిలు మొదటి పేజీల రాసిన పుట్టిన తేదీలు గొంతెత్తి చదివిన.

అండ్ల పెదనాన్న మా నాన్నకన్న నాలుగేండ్లు పెద్ద. తమ్ముడు రిటైరైతుంటే అన్న ఇంకా డ్యూటీల ఉన్నడు! బాయిల చేరేటప్పుడు వయసు తక్కువ రాయించుకున్నడట. ఆయన పక్కనే ప్రార్థనకొచ్చిన బాయి మేనేజర్ సారు. పెదనాన్న కొలువు పోగొట్టిన్నా అని చదువుడు ఆపిన.

"ఇగ ఆమెన్ అను బిడ్డా!" అన్నడు పెదనాన్న, చెమటలు తుడుచుకుంట.

సారు నవ్విండు. "కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నానమ్మా, నాకేం వినబడలేదు."

ఇప్పటికీ నేను ఆ బైబిలు తెరిస్తే పెదనాన్న ముందుగాల అడుగుతడు: "ఏ పేజీ బిడ్డా?"