గుండీల బేరం

మా పెదనాన్న ఊరికే ఎవరికీ ఏదీ ఇవ్వడు. నిచ్చెన కావాలంటే ముందు ఆయన ఇంట్లో ఫ్యాన్లు తుడిచి పెట్టాలి. గొడుగు కావాలంటే ఆయన వినని జోకు చెప్పాలి. ఆయనకు నవ్వు రాకపోతే తడుస్తూ పోవాల్సిందే. మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయనకు ‘బదులేంటి గారు’ అని పేరు పెట్టేశారు.

ఓసారి నాకు జలుబు చేసి, ఆవిరి పట్టే గిన్నె కోసం వెళ్లాను.

“బదులేంటి?” అన్నాడు.

“తుమ్ములాపుకోలేక చస్తున్నాను పెదనాన్నా!”

“నీ తుమ్ములు నాకెందుకురా? ఆ గడియారానికి కీ ఇచ్చి గిన్నె పట్టుకెళ్లు.”

“సొంత తమ్ముడి కొడుకుతో కూడా బేరమేనా!” అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇలా ఉండగా, కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషన్ పాడైపోయింది. బడిపిల్లల యూనిఫాంలు సోమవారానికల్లా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఆవిడ ఇల్లు గడిచేదే దాని మీద. కొత్త మిషన్ కొనిపెడతామని మేమంతా పోటీపడ్డాం. “వద్దండీ, ఒకరి దగ్గర ఊరికే తీసుకోలేను,” అని ఆవిడ దణ్ణం పెట్టి తలుపేసుకుంది.

పెదనాన్న వెళ్లి ఆ తలుపు దబదబా బాదాడు.

“ఏమ్మా, మా ఆవిడ మిషన్ తొక్కే దిక్కులేక తుప్పు పట్టిపోతోంది. తెచ్చుకుని తొక్కు. బదులుగా నా చొక్కాలకి ఊడిన గుండీలన్నీ కుట్టిపెట్టాలి.”

“ఎన్నాళ్లు?”

“మిషన్ నీ దగ్గరున్నన్నాళ్లూ!”

“గుండీలైతే సరే. చిరుగులు మాత్రం కుట్టను.”

“గట్టిదానివే! సరే, గుండీలే.”

బేరం నెగ్గినందుకు ఆవిడ మొహం వెలిగిపోయింది. ‘అవసరంలో ఉన్న మనిషి దగ్గర కూడానా!’ అని మేం చెవులు కొరుక్కున్నాం. యూనిఫాంలు మాత్రం సోమవారం పొద్దున్నే బడికి చేరాయి.

కొన్నాళ్లకు ఆవిడ నన్ను మెట్ల మీద ఆపింది. “మీ పెదనాన్నగారికి చొక్కా విప్పడం రాదా బాబూ? వారం వారం అన్ని గుండీలెలా ఊడతాయి?”

అదేదో కనుక్కుందామని వెళ్లాను. ఆయన బనీనుతో మంచం మీద కూర్చుని, కొత్త చొక్కా ఒళ్లో పెట్టుకుని, గుండీలు ఒక్కొక్కటే కత్తిరిస్తున్నాడు.

“చూడరా ఈయన సంబడం!” అంది పెద్దమ్మ. “గుండీలు పంపకపోతే ఆ పిల్ల మిషన్ తిరిగిచ్చేస్తుందట!”

నాకాయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

“ఎవరికైనా చెప్పావంటే...” అని కత్తెర చూపించాడు.

“చెప్పను. బదులేంటి?”

పెదనాన్న నన్ను ఎగాదిగా చూశాడు.

“నీ చొక్కాకి ఊరికే గుండీలు కుట్టిస్తా. విప్పు.”

“నా గుండీలు బాగానే ఉన్నాయిగా!”

“ఎంతసేపులే,” అంటూ కత్తెర పట్టుకుని లేచాడు.