మూడింటి మీటింగుకి రాని మా సార్

మా మేనేజర్ సార్ పోయారన్న కబురు ఆయన ఫోను నుంచే వచ్చింది. పోయిన నెల, పొద్దున పూట. పిడుగురాళ్లలో ఒక సున్నం కంపెనీ ఆఫీసు గదిలో కూర్చుని ఆడిట్ పని చేస్తున్నాను. ఫోన్లో సార్ పేరు చూసి, ఎత్తగానే "పంపించేస్తున్నా సార్, పది నిమిషాలు" అన్నాను. అవతల సార్ గొంతు కాదు. ఎవరో పెద్దాయన గొంతు.

"నేను వాళ్ళన్నయ్యని బాబూ. తమ్ముడు పోయాడు. చివర మాట్లాడింది నీతోనే అని ఇందులో ఉంది, అందుకని చేశాను."

తెల్లారగట్ల గుండెల్లో మంటగా ఉందని లేచారట. గ్యాస్ అనుకుని సోడా తాగారట. సార్ ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, ఇంటి చుట్టూ ఆస్పత్రులే. అయినా ఆటోలోనే ప్రాణం పోయింది. నలభై కూడా నిండలేదు. సొంతూరు పొన్నూరు తీసుకెళ్తున్నామని, మధ్యాహ్నం నమాజు అవగానే మట్టి చేస్తామని వాళ్ళన్నయ్య చెప్పారు.

మాది పేరు చెబితే మీలో చాలామందికి తెలిసే పెద్ద అకౌంటింగ్ కంపెనీ. పేరు చెప్పను. ఏ పెద్ద కంపెనీ పేరు పెట్టుకుని చదివినా మీకు తేడా తెలియదు. అందులో అందరికన్నా పైనుండే వాళ్ళని పార్ట్‌నర్లంటారు. మా పార్ట్‌నర్ హైదరాబాదులో ఉంటాడు. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

"అయ్యయ్యో, చాలా బాధాకరం. మంచి రిసోర్స్" అన్నాడు. ఊపిరి తీసుకుని, "మూడింటికి క్లయింట్ మీటింగ్ ఉందిగా, ఆయన పార్ట్ ఎవరు చెప్తారు? నువ్వు చెప్పగలవా?" అన్నాడు.

మా కంపెనీలో మనుషులుండరు, రిసోర్సులుంటాయి. మిరపకోతలకి కూలీలు కావాలన్నా మా ఊళ్ళో 'నలుగురు మనుషులు కావాలి' అనే అడుగుతారు. మేస్త్రీకి ఉన్న ఆ మర్యాద కూడా వీళ్ళకి లేదు.

మట్టి ఇవాళే, నేను వెళ్తున్నానని చెప్పాను. ఇప్పుడు వెళ్ళి చేసేదేముంది, ఆదివారం వెళ్ళి ఫ్యామిలీని పలకరించి రా, అన్నాడు.

"ఆదివారం దాకా గొయ్యి తెరిచి ఉంచరు సార్."

"నీది కాంట్రాక్టు. అది గుర్తుంచుకుని మాట్లాడు" అన్నాడు. గుర్తుంచుకునే బండి తీశాను. ఆ కాంట్రాక్టు మీదే మా ఇల్లు నడుస్తోంది. అది కూడా గుర్తుంది.

నేను సీఏ చదవలేదు. సత్తెనపల్లి పక్క పల్లెలో మిరప చేలో పని చేస్తూ ప్రైవేటుగా బీకాం కట్టినవాణ్ణి. ఎక్సెల్ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషూ అంతే. ఇంటర్వ్యూలో టై కట్టుకున్న ఇద్దరు నా డిగ్రీ కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, పక్కనున్న మా సార్ తెలుగులో అడిగారు: "కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు లెక్కపెట్టమని పంపిస్తే ఏం చేస్తావు?" చలికి తట్టుకోలేక బయటికొచ్చి, గుమస్తా చెప్పిన లెక్కే రాసుకుంటానండీ, అందరూ చేసేది అదేగా, అన్నాను. టై వాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. సార్ పకపకా నవ్వి, "వీణ్ణి నాకివ్వండి" అన్నారు.

తీసుకున్నాక మొట్టమొదట పంపింది గుంటూరు మిర్చి యార్డు దగ్గరి కోల్డ్ స్టోరేజీకే. తనూ వచ్చారు. మంకీక్యాప్ నాకు పెట్టి, తను తువ్వాలు చుట్టుకున్నారు. ఘాటుకి ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. స్టోరేజీ వాళ్ళు ముందు వరస చూపించి, అంతా ఇలాగే ఉంటుంది సార్, టీ తాగుదాం రండి అంటున్నారు. సార్ కదల్లేదు. హమాలీలతో లోపలి బస్తాలు తీయించారు. "ముందు వరస ఎవడైనా బాగానే పేరుస్తాడురా. లోపల బస్తా తీయించు" అన్నారు నాతో. మా కంపెనీకి ఆ మాట ఎంత బాగా సరిపోతుందో అప్పుడు నాకు తెలియదు. అద్దాల మేడ, ఉచిత కాఫీ, గోడల మీద నవ్వు మొహాల ఫొటోలు. అది ముందు వరస.

నా ఇంగ్లీషు విని ఆఫీసు కుర్రాళ్ళు నవ్వితే, సార్ నన్ను పక్కకి పిలిచి చెప్పిన మాట ఇంకోటుంది. "రాని భాషలో అబద్ధం చెప్పడం కష్టం. అది నీకు మంచిదే. వీళ్ళకి ఆ ఇబ్బంది లేదు."

ఈ ఏడు రంజాన్ సరిగ్గా మా సీజన్లోనే పడింది. సీజన్ అంటే ఏడాది లెక్కలు మూసే నెలలు. సెలవు అన్న మాట నోట్లోంచి రాకూడదు. సార్ ఉపవాసాలున్నారు. పైవాళ్ళకి చెప్పలేదు. చెబితే పని తప్పించుకోడానికి అనుకుంటారని. ఓ రోజు సాయంత్రం వీడియో కాల్ నడుస్తుండగా పొద్దు గూకింది. కెమెరా ఆపి, మైకు ఆపి, బల్ల కింద నుంచి ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నారు. నీళ్ళ గ్లాసు ఎత్తేలోపే పార్ట్‌నర్ కెమెరా ఎందుకు ఆగిందని అడిగాడు. గింజ బుగ్గన పెట్టుకుని, "నెట్‌వర్క్ సార్" అన్నారు, మళ్ళీ కెమెరా, మైకు వేసి. నీళ్ళు కాల్ అయ్యాకే తాగారు. నాకు ఒళ్ళు మండిపోయి, ఎందుకు సార్ ఇంత భయం, అని అడిగేశాను. "భయం కాదురా, సీజన్" అన్నారు. సీజన్ అయ్యాక చూద్దాం. ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో ఆ మాట.

మా విషయంలో మాత్రం అలా కాదు. నాన్నకి కోతల్లో సాయం కావాలంటే నన్ను తిట్టి మరీ ఇంటికి తోలారు. ఒకమ్మాయికి జ్వరమొస్తే ల్యాప్‌టాప్ లాక్కుని దాచారు. రోజూ పని గంటలు రాసే షీట్లో, ఎంతసేపు పని చేస్తే అంతా రాయండి అనేవారు. మేం అలాగే రాస్తే, ఇన్ని గంటలు ఎందుకయ్యాయని పైనుంచి అక్షింతలు పడేవి ఆయనకి. తన గంటలు మాత్రం పైవాళ్ళు కోరినట్టే రాసుకునేవారు. వాళ్ళ లెక్కలో మా సార్ రోజూ సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్ళిన మనిషి. ఛాతీ నొప్పికి డాక్టరు దగ్గర తీసుకున్న టైమూ అలాగే సీజన్ తర్వాతకి జరిపారు. అందుకని సార్ మీద కూడా నాకు కోపం ఉంది. చనిపోయిన మనిషి మీద కోపం తప్పంటారు పెద్దలు. తప్పయితే తప్పే. మాకోసం పోట్లాడిన నోరు తనకోసం ఒక్కసారి తెరిచుంటే ఏం పోయేది?

సార్ డాక్టరు టైము జరిపిన వారమే కంపెనీ అందరికీ మెయిల్ పంపింది. నీళ్ళు బాగా తాగండి, ఒత్తిడి తగ్గించుకోండి, నవ్వుతూ ఉండండి.

ఇవన్నీ బుర్రలో తిరుగుతుంటే బండి తోలాను. దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండకి రోడ్డు కూడా ఎర్రగానే కనిపించింది. గుంటూరులో మిర్చి లారీల వెనక ఇరుక్కుపోయాను. అందరి హారన్లూ మోగుతున్నాయి, ఎవరూ కదలరు. టైము చూసుకోవడం మానేశాను. పొన్నూరు చేరేసరికి నమాజు అయిపోయింది. ఖబరస్తాన్ ఎక్కడని అడుక్కుంటూ వెళ్ళాను.

సార్‌ని అప్పటికే లోపల పడుకోబెట్టారు. జనం తలా మూడు దోసిళ్ళ మట్టి వేసేసి పక్కకి నిలబడ్డారు. పార పట్టుకున్న మనిషిని ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపుతున్నారు. మొహంలో సార్ పోలికే. నన్నూ, నా మెడలో కార్డునూ చూసి ఎదురొచ్చారు.

"ఆఫీసు వాళ్ళు వస్తారని ఆపించాను బాబూ. అంత పెద్ద ఆఫీసు కదా. మీ వెనక ఇంకా ఎవరన్నా వస్తున్నారా?"

ఆయన నా భుజం మీంచి రోడ్డు వైపు చూస్తున్నారు. కార్లు వస్తాయనుకున్నారేమో.

"లేదండీ. నేనే."

ఆయన తలూపారు. పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. ఒక మాట తిట్టి ఉంటే బాగుండేది.

వంగి మూడు దోసిళ్ళు వేశాను. నల్లరేగడి మన్ను, తడిగా ఉంది, వేళ్ళకి పట్టుకుని వదల్లేదు. తర్వాత పారలు కదిలాయి. అప్పుడే జేబులో ఫోను అదిరింది. తీసి చూస్తే ఆఫీసు యాప్‌లో మెసేజ్, పార్ట్‌నర్ పేరుతో. మూడు కావస్తోంది. తెరవాలంటే వేలిముద్ర కోసం వేలు పెట్టమంది. పెట్టాను. గుర్తుపట్టలేదు. మళ్ళీ పెట్టాను. వేలు తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించమంది.

తుడుచుకోలేదు.