పులిసిన చెరకు రసం

మొన్న అనకాపల్లిలో డాక్టరు దగ్గర్నుంచి వస్తూ, మా అబ్బాయి ఆటో పిలవడానికి వెళ్తే, చెరకు రసం బండి పక్కన నిలబడ్డాను. పొద్దుటి నుంచి గిన్నెలో మిగిలిన రసం పులిసిన వాసన ముక్కుకు తగిలింది. ఏడుపు ఆగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో కశింకోట వైపు బెల్లం వండే రైతులందరికీ మా నాన్నే కావాలి. చలికాలం రాగానే గానుగ చుట్టూ ఎద్దులు తిరిగేవి, పొయ్యిలో ఎండు పిప్పి భగ్గుమనేది, పెనంలో పాకం బుసబుస పొంగుతుంటే మేం పిల్లలం చెరకు ముక్కలు ముంచుకుని నాలుక కాలినా నాకేవాళ్లం. నాన్న వంగి, పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి దింపమంటేనే పెనం దిగేది. ఒకప్పుడు కల్లు తాగేవాడట. నేను పుట్టాక నా తల మీద ఒట్టేసి మానేశాడు.

నాకు ఏడేళ్లప్పుడు, పెనం మీదికి వంగితే నాన్నకు తూలడం మొదలైంది. తెల్లారి చాప మీద కుడివైపు ఒత్తిగిల్లితే నా జడ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆటనుకుని నవ్వేదాన్ని. ఒక సాయంత్రం తూలుతూ ఇంటికొస్తే అమ్మ నన్ను ముందుకు తోసింది.

"నోరు వాసన సూడే అమ్మీ."

"పుల్లగా ఉందే" అన్నాను.

"నాను తాగనేదే. రసం పులిసిందేమోనని రుసి సూసేను. నేల తిరిగిపోతంది" అన్నాడు నాన్న.

ఒట్టు తప్పితే బిడ్డకు కీడని అమ్మ ఆయనతో మాట మానేసింది. తాగినవాణ్ణి కాగే పెనం దగ్గర ఎవరు నిలబెడతారు? పొయ్యిలో పిప్పి ఎగదోసే పనికి మార్చారు. రెండు నెలలకు తూలడం తగ్గింది, తాగుబోతు పేరు మాత్రం పోలేదు. ఎవరూ అడగకపోయినా, నా పెళ్లయ్యేదాకా, రోజూ సాయంత్రం నా ముందు వంగి "సూడమ్మీ" అని నోరు తెరిచేవాడు. పెద్దయ్యాక సిగ్గేసి మొహం తిప్పుకునేదాన్ని.

ఇప్పుడు నాకూ అదే తూలుడు వచ్చింది. చెవి లోపలి సుద్ద రేణువులు చోటు తప్పితే ఇలా తల తిరుగుతుందని చెప్పి, డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల ఒక పక్కకీ మరో పక్కకీ తిప్పి, పక్కకి ఒత్తిగిలించి లేపి కూర్చోబెట్టాడు. తగ్గడానికి పది నిమిషాలు పట్టింది. అమ్మ లేదు, ఆ రైతులు లేరు, ఆ పెనాలు లేవు. నాన్న తాగలేదని ఎవరికి చెప్పను?

బండివాణ్ణి బతిమాలి ఆ పులిసిన రసమే గ్లాసుడు తాగాను. ఆటోతో వచ్చిన మా అబ్బాయి చెయ్యందిస్తూ నవ్వాడు.

"ఏటమ్మా, కల్లు వాసనొత్తంది?"

"నాను తాగనేదురా" అన్నాను.