వోచర్లు కొన్న మధ్యాహ్నం

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఆఫీసు పక్కన ఒక మందుల షాపు ఉండేది. ఏడాది పాటు లంచ్ టైమ్‌లో నేను అక్కడికి వెళ్ళింది మందుల కోసం కాదు. కౌంటర్ దగ్గర స్టాండుకు వేలాడే ప్రీపెయిడ్ వోచర్ల కోసం. నగదు ఇచ్చి కొనుక్కుని, వెనక గీకితే పొడవాటి నంబరు వస్తుంది. దాన్ని బెట్టింగ్ సైట్‌లో కొడితే నిమిషంలో నా ఖాతాలో డబ్బు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ సైటు పేరు ఎక్కడా కనిపించదు. నాకు కావలసింది అదే.

క్రికెట్‌తో మొదలైంది. చివరికి పేరు కూడా పలకలేని టెన్నిస్ ఆటగాళ్ళ మీద పందెం కాసే స్థితికి వచ్చాను. నగదు కోసం, సరుకులు కొన్న చోట డెబిట్ కార్డు మీద బిల్లు కన్నా ఎక్కువ కట్టి, ఆ పై మొత్తాన్ని కాష్‌బ్యాక్‌గా చేతికి తీసుకునేవాణ్ణి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అది సరుకుల ఖర్చుగానే కనిపించేది. నా భార్య అది చూసి, "ఈ స్టోర్ మరీ కాస్ట్‌లీ అయిపోయింది, ఇంకో చోట ట్రై చేద్దామా?" అనేది. నేను తలూపి ఊరుకునేవాణ్ణి.

ఎప్పుడూ ఒక్కటే కొనే నేను ఆ గురువారం ఒకేసారి మూడు వోచర్లు కౌంటర్ మీద పెట్టాను. క్యాషియర్ అరవై దాటిన అమెరికన్ ఆవిడ. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి ఆ రోజు వోచర్ల మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"సర్, ఫోన్‌లో ఎవరైనా ఇవి కొనమని చెప్తున్నారా? మిమ్మల్ని బెదిరిస్తున్నారా?"

సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి. ఉలిక్కిపడి కట్ చేశాను. ఆవిడ నా వణికే చేతుల్ని చూసింది. "భయపడకండి, ఒక్క నిమిషం" అని, తలుపు దగ్గర కాఫీ తాగుతున్న పోలీసు ఆఫీసర్‌ని చెయ్యి ఊపి పిలిచింది.

నా హెచ్ వన్ ఉద్యోగ వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. నా భార్య వీసా, ఆమె ఉద్యోగం నా వీసా మీదే ఆధారపడి ఉన్నాయి. టెక్సస్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్‌కు అనుమతి లేదని ఒకసారి చదివాను. ఆడేవాళ్ళను ఏం చేస్తారో చదివే ధైర్యం లేక ఆ పేజీ మూసేశాను. ఇప్పుడు ఆ సైటు నా ఫోన్‌లో తెరిచే ఉంది.

ఆఫీసర్ చాలా మెల్లగా మాట్లాడాడు. "మీ కమ్యూనిటీ వాళ్ళకి ఇలాంటి కాల్స్ చాలా వస్తున్నాయి. ఇమిగ్రేషన్ నుంచి అంటారు, అరెస్ట్ చేస్తామంటారు, తప్పించుకోవాలంటే ఇలాంటి వోచర్లు కొని నంబర్లు చెప్పమంటారు. మీకూ అలాంటి కాల్ వచ్చిందా?"

అవునని ఒక్క మాట అంటే చాలు, ఇద్దరూ నా మీద జాలిపడేవాళ్ళు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అప్పుడు రిపోర్ట్ రాస్తాడు, ఫోన్ చూపించమంటాడు. దానికి ఇంకా ఎక్కువ భయమేసింది.

"లేదు. నాకోసమే కొంటున్నాను. ఆన్‌లైన్ గేమ్స్‌కి."

అతను నా ముఖంలోకి చూశాడు. "మరి ఎందుకు వణుకుతున్నారు?"

ఏదో గొణిగాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్నాను. "సరే సర్, జాగ్రత్త" అని అతను బయటికి వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు.

"ఇవి ఇంకా కావాలా?" అని అడిగింది క్యాషియర్. ఈసారి గొంతులో జాలి లేదు, అసలు సంగతి అర్థమైనట్టుంది.

కావాలన్నాను.

కారులో కూర్చుని తాళంచెవితో మొదటి వోచర్ గీకాను. తొందరలో నంబరు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి వెళ్ళింది. స్క్రీన్ మీద డబ్బు పడగానే ఒళ్ళంతా తేలికపడింది. అప్పుడు మొదలైంది అసలు భయం. పోలీసు ముందు నిలబడి, ఉద్యోగం పోతుందని, దేశం వదలాల్సి వస్తుందని వణికిన మనిషి పది నిమిషాలు తిరక్కుండానే మళ్ళీ పందెం కాయబోతున్నాడు. నన్ను ఆపగలిగేది ఏదీ నాకు కనిపించలేదు. ఆఫీసుకు వెళ్ళకుండా తిన్నగా ఇంటికి డ్రైవ్ చేశాను.

నా భార్య ఇంటి నుంచే పనిచేస్తోంది. నా ముఖం చూసి హెడ్‌సెట్ తీసేసింది.

"ఏమైంది? లేఆఫా?"

మిగిలిన రెండు వోచర్లు ఆమె లాప్‌టాప్ పక్కన పెట్టి అంతా చెప్పాను. కాష్‌బ్యాక్ సంగతి చెప్పేటప్పుడు ఆమె వైపు చూడలేకపోయాను. ఆమె అరవలేదు. "నేను స్టోర్‌ని తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావు కదా" అంది.

తర్వాత అడిగింది: "ఆ ఆఫీసర్ నీ డీటెయిల్స్ ఏమైనా రాసుకున్నాడా?"

"లేదు."

"మళ్ళీ చెప్పు. లైసెన్స్ చూపించమన్నాడా?"

"లేదు."

ఆమె లేచి మా వీసా కాగితాల ఫైలు తెచ్చి ముందు పెట్టుకుంది. నా భయాన్ని సగం ఆమెకు అంటించానని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం జూదం మానాలనుకునేవాళ్ళ హెల్ప్‌లైన్‌కి ఆమే నంబరు కలిపి, స్పీకర్ ఆన్ చేసి ఫోన్ నా ముందు పెట్టింది. అవతలి మనిషి మొదట అడిగింది నా వీసా గురించి కాదు, "ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అని.

"ఉన్నారు" అన్నాను. నా భార్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది కానీ నా చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోవడానికి ఆమెకు ఇంకా చాలా నెలలు పట్టాయి.