శుభలేఖ మూలతో కొలిచిన సందు

మా నాన్న కొన్న అమెరికా కారు మా చాట్రాయి రోడ్డుకు సరిపోదని ఊరంతా అనేది. రోడ్డే కారుకు సరిపోదని నేను వాదించేదాన్ని. నీలం రంగు, ఆరు సిలిండర్ల ఇంజను, ముందు సీటులోనే ముగ్గురం హాయిగా పట్టేంత వెడల్పు. తొలికోత రసాలు దాని డిక్కీలోనే ఇంటికి చేరేవి. వేసవంతా ఆ కారులో పెట్రోలు వాసన, మామిడి సొన వాసన కలిసి ఉండేవి. ఇప్పటి కార్లలో ఏ వాసనా ఉండదు. అదేదో ఘనకార్యమైనట్టు చెబుతారు.

బెజవాడలో బీఎస్సీ ఆఖరి పరీక్షలు రాసి నేను ఇంటికొచ్చిన వేసవిలో అది మొరాయించింది. రెండు మైళ్ళు పోవడం, దగ్గడం, ఆగిపోవడం. నాన్న విసిగిపోయి, హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీల యజమానికి ఇచ్చేస్తానని మాట ఇచ్చేశాడు. ఆయన ఆదివారం వచ్చి తీసుకుపోతాడు.

నాయనమ్మ ఆ మాట విని గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఊరుకునే మనిషి కాదు ఆవిడ. ఆ నోరే నాకొచ్చిందని ఇంట్లో అందరి ఫిర్యాదు. విస్సన్నపేటలో ఆవిడ అక్క మంచం పట్టి ఉంది. నాయనమ్మకేమో తుంటినొప్పి. బస్సు మెట్టు ఎక్కలేదు, ఎడ్లబండి కుదుపులు ఓర్చుకోలేదు. కారు పోతే అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అంతటితో సరి.

"నడిమధ్యలో ఆగిపోయే కారులో అమ్మని ఎట్లా తీసుకెళ్ళనే?" అన్నాడు నాన్న.

"బాగు చేయించు."

"మూడుసార్లు చేయించా."

"ఈసారి నేను దగ్గరుండి చూస్తా."

"నువ్వు దగ్గరుంటే మెకానిక్కు పారిపోతాడు."

శుక్రవారం పొద్దున నూజివీడు నుంచి ఎప్పుడూ వచ్చే మెకానిక్కే వచ్చాడు. నేను కారుతో వచ్చిన పుస్తకం పట్టుకుని స్టూలు వేసుకు కూర్చున్నాను. చివరి పేజీలో కొలతల పట్టిక ఉంది. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు అందులో పదహారు ఉండాలి.

ఆయన పాయింట్ల మీది మూత తీసి, చొక్కా జేబులోంచి ఒక శుభలేఖ బయటకు లాగాడు. మూల చింపి, ఆ ముక్కను పాయింట్ల మధ్య దూర్చి, స్క్రూ బిగించాడు.

"అదేంటండీ?" అన్నాను.

"ఏ బండికైనా నా కొలత ఇదేనండీ. అట్ట బిర్రుగా దూరితే సందు కుదిరినట్టే."

"మూలే ఎందుకు చింపారు?"

"పసుపు ఉంటుంది కదండీ. శుభం."

ఆ ముక్క అడిగి తీసుకున్నాను. పసుపు ఎండి పొలుసు కట్టి ఉంది. గోటితో గీరితే పొడి రాలింది. వంగి చూస్తే పాయింట్ల మీదా అదే పచ్చటి పొర. ఇంజను తిరుగుతుంటే అవి విడిపోతూ, తాకుతూ ఉంటాయి. తాకితేనే కరెంటు పారుతుంది. మధ్యలో పసుపు పరుచుకుంటే ఏం పారుతుంది?

"మూడుసార్లూ కారుకి పేరంటం చేశారన్నమాట!" అన్నాను.

"ఆ పుస్తకం అమెరికావాళ్ళు వాళ్ళ రోడ్లకి రాసుకున్నదండీ. మన దుమ్ము సంగతి వాళ్ళకేం తెలుసు?"

"దుమ్ము సంగతి తెలియదు, ఒప్పుకుంటా. పసుపు సంగతి అసలే తెలియదు."

కారుతో వచ్చిన పనిముట్ల సంచిలో అంకెలు చెక్కిన పల్చటి ఉక్కురేకులు ఉన్నాయి. పదహారు అంకె ఉన్న రేకు తీసి ఇచ్చాను. ఆయన గొణుక్కుంటూనే పాయింట్లు పెట్రోలు గుడ్డతో తుడిచి, రేకుతో సందు పెట్టాడు. రవ్వ పుట్టే వేళ కూడా పుస్తకం ప్రకారమే ఉండాలని పట్టుబట్టాను. తీరా నడిపి చూస్తే, మా మామిడితోట దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను, డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు చప్పుడు చేసింది. ఆయన దిగి, చెవి ఒగ్గి, లోపల ఏదో వెంట్రుకవాసి తిప్పి రవ్వ వేళను కాస్త వెనక్కి జరిపాడు. చప్పుడు పోయింది.

"మన పెట్రోలు నాసిరకం అమ్మాయిగారూ. అది పుస్తకంలో రాయరు."

నేను పుస్తకం మూసేశాను. ఆయన మాట నిజమని ఆ రోజే ఒప్పుకుని ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మతో విస్సన్నపేట బయల్దేరాం. దారిలో ఎక్కడా ఆగలేదు. నాన్న మాత్రం నాయనమ్మ అక్కగారింటి గుమ్మం ముందు ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాడు. ఆపితే మళ్ళీ రాదేమోనని భయం.

లోపల మంచం మీది ఆవిడ అంటోంది: "ఉన్నానో పోయానో చూసిపోదామని వచ్చావా?"

"ఉంటే నాలుగు తిట్టిపోదామని వచ్చా" అంది నాయనమ్మ. ఆ వెంటనే కిటికీలోంచి కేకేసింది. "ఒరేయ్, ఆ రొద ఆపరా! అక్క మాట వినపడి చావట్లేదు."

నాన్న గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశాడు.

"ఆపు నాన్నా" అన్నాను, నాకు లేని ధైర్యంతో.

ఆపాడు. చిన్నప్పుడు ఆవకాయ జాడీ ఎవరు పగలగొట్టారని అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకుంటుంటే ఇద్దరం గంటసేపు అరుగు మీద కూర్చుని విన్నాం. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఎక్కింది. నాన్న తాళం తిప్పాడు. ఇంజను మొదటిసారికే అందుకుంది.

చాట్రాయి మలుపు వచ్చింది. నాన్న తిప్పలేదు.

"ఇంటికి కాదా?" అన్నాను.

"జంక్షన్‌కి" అన్నాడు. "రేపు రావద్దని ఆయనకి చెప్పొద్దూ?"