వరుసలో మొదట నిలబడిన దీనమ్మ

సహోదరులారా, ప్రభువు నాకు చేసిన మేలు చెప్పాలని లేచాను గానీ నిలకడగా చెప్పగలనో లేదో, ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను.

బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయి ఒక సావుకారి మగ్గం మీద పట్టుచీరలు నేసేవాణ్ణి. తెగిన పోగును రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టి అతకడం మాకు కళ్ళు మూసుకుని చేసే పని. ఒక ఏడాది పోగులు నా వేళ్ళకు దొరకడం మానేశాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను పట్టును తిట్టాను, రంగు అద్దినవాణ్ణి తిట్టాను, పోగు మార్చమని తగువు పడ్డాను, స్పర్శ పోయింది నా వేళ్ళకేనని తోచనే లేదు. చివరికి చీర మీద నెత్తురు మరక చూసి సావుకారు నా చెయ్యి తిప్పి చూశాడు, మోచేతి కింద తెల్లమచ్చ ఉంది. "ఏమప్పా, రేపట్నుంచి ఈడికి రావద్దు" అన్నాడు.

కుష్ఠు అని ఊరంతా తెలిసింది. ఈ రోగముంటే కోర్టువాళ్ళే విడాకులిస్తారని బావమరుదులు వచ్చి నా భార్య దీనమ్మను పిలిచారు, ఆమె పోలేదు. నయం చేసే ఆసుపత్రికి రైల్లో పోవాలి. కుష్ఠు రోగి రైలెక్కకూడదని చట్టం, ఎక్కాలంటే డాక్టరు కాగితం ఉండాలట, ఆ కాగితమిచ్చే డాక్టరేమో రైలు దిగితే గానీ దొరకడు! రెండుసార్లు టికెట్టు కొని, చేతులు దుప్పట్లో చుట్టుకుని, ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగి తిరిగి, టికెట్లు చూసే నల్లకోటాయన కనబడగానే ఇంటికొచ్చేశాను. వేళ్ళు వంకరపోతున్నాయి. "తండ్రీ, సంపితే సంపు, లేకుంటే బాగుచెయ్యి, ఇట్ల నడిమధ్యన ఇడిసిపెట్టొద్దు" అని ప్రార్థించాను. ఆ ప్రార్థనలో భక్తి కంటే కోపమే ఎక్కువ, దాచను.

అప్పుడు దీనమ్మ పాస్టరయ్యగారి దగ్గరికి పోయింది. "డాక్టరు కాడికి మా ఆయన పోనీకి కాలేదు. డాక్టర్నే మన గుడికాడికి పిలిపించండయ్యా" అంది. అయ్యగారు ఆ ఆసుపత్రికి జాబు రాశారు, నెల తిరగకముందే డాక్టరు తరఫున జీపులో ఒక నర్సమ్మ వచ్చింది. గుడి ముందర బల్ల వేసి కూర్చుంది గానీ ఎవరూ దగ్గరికి పోలేదు, పోయినవాడికి రోగమున్నట్టే లెక్క కదా. నేను గోడ వెనక నిలబడి చూస్తున్నాను. ఒంటి మీద ఏ మచ్చా లేని దీనమ్మ ముందుకు పోయి, చెయ్యి చాపి, "నన్ను కూడా సూడమ్మా" అంది. ఆమె వెనక అయ్యగారు నిలబడ్డారు, తర్వాత పెద్దలు, తర్వాత సంఘమంతా. అంత పొడుగు వరుసలో రోగి ఎవరో ఎవరు చెప్పగలరు? నేనూ వచ్చి నిలబడ్డాను. దేవునికే మహిమ.

రెండేళ్ళకు పైగా మాత్రలు మింగాను. రెండు వేళ్ళు వంకరగానే ఉండిపోయాయి, తక్కినవి దక్కాయి, రోగం పోయిందన్న కాగితం జేబులో ఉంది. ఆ రైలు చట్టం మాత్రం ఇంకా అలాగే ఉంది, అది పోయేదాకా నా మనసు కుదుటపడదు.

గురువారం జీపు మళ్ళీ వస్తుంది. చొక్కా చేతులకు గుండీలు పెట్టుకుని వెనక కూర్చున్న అన్నా, కొంగు కప్పుకున్న చెల్లీ, నాలాగా వేళ్ళు వంగేదాకా ఆగవద్దు. ప్రభువును నమ్మండి, వచ్చి మాత్ర తీసుకోండి. భయపడేవాళ్ళు దీనమ్మ వెనక నిలబడండి, మొదట ఆమే ఉంటుంది.