ఎడమ మోటారు, కుడి మోటారు

అమెరికాలో బాతెల్ అనే ఊరి చివర ఇనప పొయ్యిలు అమ్మి, బిగించి, బాగుచేసే కొట్టులో నేను పద్నాలుగేళ్లు పార్ట్స్ గది చూశాను. హోదా పార్ట్స్ క్లర్కు. పైన సర్వీసు మేనేజరు, ఆయన కింద టెక్నీషియన్లు, వాళ్లు అడిగిన సామాను అరలోంచి తీసి ఇచ్చేది నేను. నా భర్త సామ్యేలు అక్కడే టెక్నీషియనుగా చేశాడు. ఆయన పోయిన మూడో నెలలో ఆ గది తాళం నా చేతికిచ్చారు. ఇప్పుడు చెప్పే సంగతి కోవిడ్ గొడవ సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలంలో, నవంబరు నెలలో జరిగింది. నా చదువు మూడో తరగతి. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. కోపం వచ్చినచోట మెత్తగా మార్చి రాయొద్దని ముందే చెప్పాను.

ఉడ్ స్టవ్ అంటే వంట పొయ్యి కాదు. ఇల్లు వెచ్చబడటానికి హాల్లో పెట్టుకునే ఇనప పెట్టె. అందులో కట్టెలు కాలుస్తారు. దాని చుట్టూ రేకు తొడుగు ఉంటుంది. ఇనుముకీ రేకుకీ మధ్య ఉన్న సందులోంచి గది గాలిని తోసి, వేడి చేసి బయటికి పంపేవి బ్లోయర్లు. అవి నిప్పును ఊదుతాయని కొత్తవాళ్లు అనుకుంటారు. నిప్పు జోలికే పోవు. కానీ అవి ఆగిపోతే పొయ్యి ముందు కూర్చున్నవాడు మాడతాడు, పక్క గదిలో పడుకున్నవాడు వణుకుతాడు.

పాతకాలం పెద్ద పొయ్యిలకు ఇవి రెండుంటాయి, వెనక ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి. ఒక్కోదానిలో ఒక మోటారు, ఆ మోటారు ఇరుసుకు రేకుల చక్రం. దాన్ని కేజ్ అంటారు. ఆ రేకులు కొడవళ్లలా వంగి ఉంటాయి. వంపును బట్టి తిరగాలి. ఎడమది ఒక పక్కకు తిరిగితే కుడిది దానికి ఎదురు తిరుగుతుంది. మోటార్లు మాత్రం చూడటానికి కవల పిల్లలే. ఏది ఏదో తెలియాలంటే కరెంటు పెట్టి, ఇరుసు వైపు నిలబడి చూడాలి.

ఇందులో ఒక మాయ ఉంది. తప్పు మోటారు బిగిస్తే కేజ్ వెనక్కి తిరుగుతుంది. అయినా గాలి అదే మూతిలోంచి వస్తుంది, కాకపోతే సగం కూడా రాదు. చెయ్యి అడ్డం పెట్టి చూసినవాడు గాలి వస్తోంది, పని అయిపోయిందనుకుంటాడు. ఇల్లు మాత్రం వెచ్చబడదు.

అంకెలు నాకు బాగా వచ్చు. ఇంగ్లీషు అక్షరాలే తికమక. ఆ మోటార్ల నంబరు చివర ఒక అక్షరం ఉండేది, దాన్నిబట్టే ఎడమా కుడా తెలిసేది. అందుకని రెండు డబ్బాల మీదా తెల్ల టేపు అంటించి, ఒకదాని మీద ‘ఎ’ అని, ఇంకోదాని మీద ‘కు’ అని నల్ల మార్కరుతో నేనే రాసుకున్నాను. కొత్త సరుకు వస్తే ఒక్కోదానికీ కరెంటు పెట్టి చూశాకే డబ్బాలో వేసేదాన్ని. అప్పటికి పన్నెండేళ్లలో ఒక్క తప్పు మోటారు నా గది దాటలేదు.

ఆ ఏడాది వేసవిలో కిరణ్ అని కొత్త మేనేజరు వచ్చాడు. మన పిల్లాడే, పుట్టి పెరిగింది మాత్రం ఈ దేశంలోనే, నేపర్‌విల్‌లో. మర్యాదస్తుడు. ఇంట్లో నేర్చుకున్న తెలుగు కాబట్టి మీరు అని మొదలుపెట్టి నువ్వుతో ముగిస్తాడు. దానికి నేనేమీ అనుకోలేదు. అనుకోవాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. స్కానర్లు తెచ్చాడు, కొత్త సిస్టమ్ పెట్టాడు, నా టేపులు చూసి ఆగాడు.

“ఇది ఏంటి ఆంటీ, డ్రాయింగా?”

“అక్షరం బాబూ. ఎ అంటే ఎడమ.”

“నాకు తెలుగు చదవడం రాదు ఆంటీ. ఇక్కడ ఎవరికీ రాదు. మీరు తీసెయ్యి. ప్రొఫెషనల్‌గా ఉండాలి కదా.”

టేపులు పీకించాడు. కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించేటప్పుడు నంబర్ల చివరి అక్షరం తెగిపోయింది. రెండు రకాల మోటార్లకూ ఒకటే నంబరు పడింది. నంబరు ఒకటే అయినప్పుడు డబ్బాలు రెండెందుకని అన్నిటినీ ఒకే డబ్బాలో పోయించాడు. వద్దు బాబూ, రెండూ వేరని మొత్తుకున్నాను. “సిస్టమ్‌లో ఒకటే ఆంటీ, మీరు టెన్షన్ పడకు” అన్నాడు. కరెంటు పెట్టి చూసుకునే వైరు కూడా సేఫ్టీ అని నా గదిలోంచి తీసుకుపోయి టెక్నీషియన్ల బల్ల దగ్గర పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోకూడదన్నాడు.

నవంబరులో వాల్ట్ అనే పెద్దాయన వచ్చాడు. పడవలు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన పొయ్యికున్న రెండు బ్లోయర్లూ ఒకే వారంలో పోయాయి. ఆ పొయ్యి చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, పూర్తి బ్లోయరు ఎక్కడా దొరకదు. ఆయన తిరిగిన కొట్లన్నీ పొయ్యే మార్చుకోమన్నాయి. ఇలాంటప్పుడు మేం చేసే పద్ధతి ఒకటుంది. కేజ్ పాతదే ఉంచి మోటారు మాత్రం కొత్తది వేయడం. ఆ కొలతకు సరిపోయే మోటార్లు చుట్టుపక్కల మా దగ్గరే ఉన్నాయి. వర్క్ ఆర్డరు వచ్చింది, రెండు కావాలని. డబ్బాలోంచి ఏది తీసి స్కాన్ చేసినా పచ్చ లైటే వెలిగింది. టెక్నీషియన్ డెనిస్‌కు ఇస్తూ, బిగించేముందు తిప్పి చూసుకోమని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, వేలు గాల్లో తిప్పి మరీ చూపించాను. తల ఊపాడు. చూసుకోలేదు. వెళ్లి బిగించి, చెయ్యి అడ్డం పెట్టి, రెండూ పనిచేస్తున్నాయని రాసి వచ్చేశాడు.

నాలుగో రోజు వాల్ట్ ఫోను. ఆయన భార్యకు పక్షవాతం, మంచం వెనక గదిలో. ఆ గదికి వెచ్చదనం రావడం లేదట, ఆమెకు దుప్పట్ల పైన తన కోటు కప్పాడట. డెనిస్ మళ్లీ వెళ్లి చూస్తే ఎడమ కేజ్ వెనక్కి తిరుగుతోంది. రెండూ కుడి మోటార్లే పడ్డాయి.

మర్నాడు పొద్దున కిరణ్ నా ముందు ఒక కాగితం పెట్టాడు. “ఏం లేదు ఆంటీ, ఫార్మాలిటీ. ఇక్కడ సైన్ చెయ్యి మీరు.”

చదివించుకుని చేస్తానని మధ్యాహ్నం భోజనం వేళ డెనిస్ చేతిలో పెట్టాను. పైకి చదవడం మొదలుపెట్టి రెండో వరుసలో ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది. చదువు అన్నాను. ఇంగ్లీషు లేబుల్ చదవలేక నేను తప్పు మోటారు తీశానట. అందుకని పార్ట్స్ గది నా దగ్గర్నుంచి తీసేసి, షోరూమ్ శుభ్రం చేసే పనిలో వేస్తారట. దానికి నేను ఒప్పుకున్నట్టు కింద సంతకం. సామ్యేలు పోయాక నా కాళ్ల మీద నన్ను నిలబెట్టిన గది అది. నా చేత్తోనే రాయించుకుని నా గది లాక్కుందామనుకున్నారు. చీపురు పట్టడం నాకు నామోషీ కాదు, చెయ్యని తప్పు పట్టుకోవడం నామోషీ.

కాగితం తీసుకుని కిరణ్ బల్ల దగ్గరికి వెళ్లాను.

“ఆ రెండు రకాలూ ఒకటేనా, వేరువేరా?” అని అడిగాను.

“సిస్టమ్‌లో ఒకటే ఆంటీ.”

“రెండూ ఒకటే అయితే నేను తప్పుది ఎలా తీశాను బాబూ? ఏది తీసినా ఒప్పే అవ్వాలి గదా. వేరువేరు అయితే, కలిపిందెవరు?”

“కానీ మీకు ఇంగ్లీష్ చదవడం రాదు కదా, అది ఫ్యాక్ట్” అన్నాడు.

“నాకు ఇంగ్లీషు రాదు, నీకు తెలుగు రాదు. మోటారుకి రెండూ రావు. దానికొచ్చింది తిరగడం. రా, తిప్పి చూపిస్తా” అన్నాను.

డబ్బా మోసుకెళ్లి టెక్నీషియన్ల బల్ల మీద బోర్లించాను. వైరు ముట్టుకోవద్దన్నారు కాబట్టి డెనిస్‌నే కరెంటు పెట్టమన్నాను. నేను ఇరుసు వైపు నిలబడ్డాను, కిరణ్‌ను నా పక్కనే నిలబెట్టాను. మొత్తం తొమ్మిది మోటార్లు. అయిదు ఒక పక్కకు తిరిగాయి, నాలుగు ఎదురు తిరిగాయి. ఒక్కోటి ఆగగానే దాని వీపు మీద మార్కరుతో ‘ఎ’ అనో ‘కు’ అనో రాశాను. అయిదోది అయ్యేసరికి కిరణ్ ఇక చాల్లే ఆంటీ అన్నాడు. చాలదు, తొమ్మిదీ చూడాలన్నాను. చూపించాను. డెనిస్ అప్పుడు నోరు తెరిచి, ఆమె తిప్పి చూసుకోమని చెప్పింది, చూసుకోనిది తానేనని మేనేజరుతో అన్నాడు. ఆ మాట వాల్ట్ ఫోను వచ్చినప్పుడే అనాల్సింది. ఆలస్యమైనా అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ‘ఎ’ అని రాసిన మోటారు ఒకటి డెనిస్‌తో పంపాను. వెనక గదికి వెచ్చదనం అందిందనీ, భార్య మీంచి కోటు తీసి తాను తొడుక్కున్నాననీ వాల్ట్ మర్నాడు ఫోను చేశాడు.

నా కాగితం కిరణ్ చింపేశాడు. గది నా దగ్గరే ఉండిపోయింది. దాని బదులు ఇంకో కాగితం ఫైల్లో పెట్టాడు. అదీ డెనిస్ చేత చదివించుకున్నాను. సిస్టమ్ మారేటప్పుడు నంబర్లలో పొరపాటు దొర్లిందట, సరిచేస్తారట. అంతే. మొదటి కాగితంలో నా పేరు మూడుసార్లు ఉంది. ఇందులో ఎవరి పేరూ లేదు. నంబర్లు కలిపినవాడి పేరు ఎందుకు లేదని కిరణ్‌ని అడిగాను. “అలా పేరు రాయరు ఆంటీ, అది ప్రాసెస్ ఇష్యూ” అన్నాడు. నా పేరు రాసేటప్పుడు అది ప్రాసెస్ ఎందుకు కాలేదో చెప్పలేదు. క్షమాపణా చెప్పలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు నేర్చుకోవలసింది కొంచెమే. గాలి వస్తోందని బ్లోయరు పనిచేస్తోందనుకోవద్దు, కేజ్ ఎటు తిరుగుతోందో వంగి చూడండి. ఎవరు ఎంత మర్యాదగా ఇచ్చినా కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. తప్పు ఎవరిదో పేరుతో రాయకపోతే అది ఎవరిదీ కాదు, సరిచేసే పనీ ఎవరిదీ కాదు. సరిచేస్తామని రాసిన ఆ నంబరు నేను రిటైరయ్యేదాకా సరికాలేదు. అదే నంబరు కింద మా రెండో బ్రాంచి నుంచి ఇంకో రెండుసార్లు తప్పు మోటార్లు వెళ్లాయి. నా గది నుంచి మాత్రం మళ్లీ వెళ్లలేదు.